ఇంట్లో పండిన వెల్లుల్లి, చిన్న ఉల్లి: వచ్చే ఏటికి విత్తనం దాచుకునే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో మేడ మీద గ్రో బ్యాగుల్లో అక్టోబరులో వేసిన వెల్లుల్లి, ఆ తర్వాత వేసిన సాంబారు ఉల్లి (చిన్న ఉల్లి) ఇప్పుడు ఫిబ్రవరి చివర్లో తీతకు వచ్చాయి. మొదట పీకిన వెల్లుల్లిలో కొన్ని మంచి గడ్డలు, మిగతావి ఒంటి రెబ్బలు. వీటిలో కొన్ని దాచి మళ్లీ అక్టోబరులో నాటొచ్చా? ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట పెట్టాలా? ఎన్ని దాచాలి? పాత మట్టిలోనే వేయొచ్చా?

నాటొచ్చండీ, నిక్షేపంగా నాటొచ్చు. కాకపోతే రెండింటినీ ఒకే గాటన కట్టకండి. వెల్లుల్లిని అక్టోబరు దాకా దాచడం కాస్త శ్రద్ధ పెడితే అయ్యే పనే. చిన్న ఉల్లి అన్నాళ్లు నమ్మకంగా ఆగదు. దానికి వేరే దారి ఉంది, తర్వాత చెబుతాను.

మీరు చూశానన్న యూట్యూబ్ వీడియోలు చాలావరకు అమెరికా, ఇంగ్లండ్ తోటలవి. అక్కడ అక్టోబరు ప్రాంతంలో నాటి జూలైలో తీస్తారు. తీసిన మూడు నెలలకే మళ్లీ నాట్లు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు గ్యారేజీలో గాలి ఆడేచోట వేలాడదీస్తే సరిపోతుంది. మనం ఫిబ్రవరి, మార్చిలో తీసి అక్టోబరు దాకా, అంటే ఏడెనిమిది నెలలు కాపాడాలి. మధ్యలో ఎండాకాలం మొత్తం, వానాకాలం మొత్తం ఉన్నాయి. అందుకే ఆ సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

అందరూ మే నెల ఎండ చూసి భయపడతారు గానీ, నీడలో ఉన్న గడ్డకి ఎండాకాలం పెద్ద గండం కాదు. ఉల్లి జాతి గడ్డలు వేడిలో నిద్రలోనే ఉంటాయి. 10 నుంచి 20 డిగ్రీల చల్లదనం తగిలితేనే మొలకలు తొందరగా లేస్తాయి. విత్తనం పోయేది జూలై, ఆగస్టు తేమలో. కాబట్టి ఇప్పుడు మీరు చేసే ప్రతి పనీ ఆ రెండు నెలలను దృష్టిలో పెట్టుకుని చేయాలి.

అన్నిటికంటే ముందు, విత్తనం ఎంపిక ఈ వారమే జరగాలి. చాలా ఇళ్లలో ఏమవుతుందంటే, పెద్ద గడ్డలన్నీ ముందు వంటింట్లోకి పోతాయి. ఒలవడానికి బద్ధకించిన సన్నవి సెప్టెంబరు దాకా బుట్ట అడుగున మిగులుతాయి. వాటినే విత్తనం అంటారు. టమాటాకో వంకాయకో ఎలా చేసినా చెల్లుతుందేమో గానీ వెల్లుల్లికి చెల్లదు. ఇది గింజ ద్వారా వచ్చే పంట కాదు. మీరు నాటే రెబ్బ తల్లి మొక్కలో ఒక ముక్క. తల్లి గుణమూ తల్లి రోగమూ రెండూ దానితో వస్తాయి. రెబ్బ బరువుని బట్టే వచ్చే గడ్డ సైజు చాలావరకు తేలిపోతుంది. ఏటా సన్నవే నాటుకుంటూ పోతే గడ్డలు ఏటికేడు చిన్నవైపోతాయి. ఇక వైరస్ తెగుళ్లయితే రెబ్బల ద్వారా ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి దాటుతూ పేరుకుపోతాయి. ఆకుల మీద సన్నని పసుపు చారలున్న మొక్క ఈ ఏడు మామూలుగానే గడ్డ వేసినా దాన్ని విత్తనానికి ఉంచకండి. కూరకి నిక్షేపంగా వాడుకోండి, తింటే మనకి ఏమీ కాదు.

నేను ఎంపిక మొక్క పీకకముందే చేస్తాను. జనవరి చివర్లో ఆకులు పచ్చగా ఉండగానే బలంగా నిటారుగా ఉన్న మొక్కల పక్కన ఒక పుల్ల గుచ్చి పెడతాను. తీశాక ఆ పుల్లలున్న వాటిలోంచి మళ్లీ ఏరతాను. మీరు ఇప్పటికే కొన్ని పీకేశారు కాబట్టి గడ్డని చూసే ఏరండి. గట్టిగా, బరువుగా ఉండాలి. పైపొర ఎక్కడా చిట్లి ఉండకూడదు. అడుగున వేర్లు పుట్టే బిళ్ల బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. అక్కడ మెత్తబడినా, గులాబీ రంగు తిరిగినా మొదలుకుళ్లు మొదలైనట్టే. మెడ లావుగా, లోపల ఇంకా పచ్చిగా ఉన్న గడ్డలు అసలు నిలవ ఉండవు, ముందు వాటిని వంటకి తీసేయండి. పీకేటప్పుడు గునపమో పారో తగిలి గాటు పడినవీ అంతే.

ఇంకా పీకని బ్యాగులు ఉంటే నీళ్లు ఇప్పుడే ఆపేయండి. తీయడానికి పది పదిహేను రోజుల ముందు నుంచి మట్టి ఆరాలి. ఆకులు సగానికి పైగా పండి, మొక్క మెడ దగ్గర మెత్తబడి వాలిపోతుంది, అప్పుడు తీయాలి. ఇంకా పెరుగుతుందేమోనని ఆగితే పైపొరలు మట్టిలోనే కుళ్లి రెబ్బలు విచ్చుకుంటాయి. అలా విచ్చిన గడ్డ వానాకాలం దాటదు.

తీశాక ఆకులు కోయకండి, కడగకండి. మట్టి ఎండితే అదే రాలిపోతుంది. మెట్ల కిందో వరండాలోనో, ఎండ నేరుగా పడని, గాలి ఆడే చోట ఒక్క వరసగా పరచండి. మార్చి ఎండలో మేడ మీద గచ్చు మీద ఆరబెట్టడం మాత్రం వద్దు. పొలంలో రైతులు ఆరబెట్టేటప్పుడు ఒక వరస ఆకు పక్క వరస గడ్డల మీద పడేలా పేరుస్తారు, గడ్డకి ఎండ దెబ్బ తగలకూడదని. పది పదిహేను రోజుల్లో మెడ పూర్తిగా ఎండి, వేళ్ల మధ్య నలిపితే గలగలమంటుంది. అప్పుడు వేర్లు కత్తిరించండి. జడ అల్లి వేలాడదీయాలనుకుంటే ఆకులు ఉంచండి, లేకపోతే గడ్డ పైన రెండు సెంటీమీటర్ల మెడ వదిలి కోసేయండి. మెడ మరీ దగ్గరగా కోస్తే అక్కడి నుంచే బూజు లోపలికి దిగుతుంది.

ఇక దాచే చోటు. పల్లెటూళ్లలో వెల్లుల్లి జడల్ని కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో దూలానికి వేలాడదీసేవారు. రోజూ పొగ, పొడి వేడి తగిలి వానాకాలంలోనూ బూజు పట్టేది కాదు. ఇప్పుడు గ్యాస్ పొయ్యి మీద వంటలో పొగ ఉండదు, కుక్కర్ ఆవిరి ఉంటుంది. కాబట్టి వంటింట్లో వేలాడదీస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ. హాల్లోనో, పడకగదిలోనో ఫ్యాన్ గాలి తగిలే గోడకి, బజారులో ఉల్లిపాయలు వచ్చే ఎర్ర వల సంచిలో వేసి మేకుకి తగిలించండి. వాసన వస్తుందని ఇంట్లోవాళ్లు గొణుగుతారు, బాగా ఎండిన గడ్డకి అంత వాసన ఉండదు. ఒక్కో సంచిలో కిలోకి మించి వేయకండి. ప్లాస్టిక్ కవర్, మూత డబ్బా, బియ్యం డ్రమ్ము, ఈ మూడూ వద్దు.

ఎండాకాలానికి ఒకే ఒక్క జాగ్రత్త ఉంది. పై అంతస్తులో స్లాబ్ కింద మూసి ఉంచిన గది, రేకుల షెడ్డు, కారు డిక్కీ లాంటి చోట్ల వేడి 40 దాటి, గాలి ఆడక ఉక్కపోస్తుంది. అలాంటి చోట పెట్టిన గడ్డ పైకి బాగానే కనిపిస్తుంది. ఒలిచి చూస్తే రెబ్బ తేనె రంగుకి తిరిగి, కాంతి లోపలికి కనిపించేలా జిగురుగా, రబ్బరులా ఉంటుంది. అది తెగులు కాదు, ఉడికిన దెబ్బ. ఆ రెబ్బ మొలవదు. కింది అంతస్తులో నీడపట్టున ఉన్న గది చాలు, ఏసీ అక్కర్లేదు.

మృగశిర చినుకులు పడ్డాక పది పదిహేను రోజులకోసారి సంచులు దించి చూడండి. ప్రతి గడ్డనీ చేతిలోకి తీసుకోవాలి. కళ్లకంటే వేళ్లకి ముందు తెలుస్తుంది. తేలిపోయినట్టుంటే లోపల రెబ్బలు వడిలాయి. పైపొర మీద నల్లటి మసి వేలికి అంటుకుంటే నల్ల బూజు, రెబ్బల మధ్య నీలం, ఆకుపచ్చ పొడి కనిపిస్తే నీలి బూజు. ఆ గడ్డ తీసేయడమే కాదు, దాన్ని ఆనుకుని ఉన్న రెండు మూడింటినీ విడిగా పెట్టండి. నీలి బూజు పట్టిన రెబ్బల్ని విత్తనంతో కలిపి విడదీశారంటే ఆ పొడి అన్నిటికీ అంటుకుంటుంది. ముసురు పట్టి వారం రోజులు సూర్యుడు కనపడకపోతే సంచులు దించి నేల మీద పేపర్ పరిచి రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేయండి. ఆ నెలల్లో నేను చేసే ఏకైక శ్రమ ఇదే.

సెప్టెంబరులో ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు మూడు గడ్డల నుంచి ఒక్కో రెబ్బ తీసి నిలువుగా రెండు చీలికలు చేయండి. మధ్యలో లేత పసుపో ఆకుపచ్చో రంగులో సన్నని మొలక కనిపిస్తుంది. అది రెబ్బ పొడవులో సగం కూడా లేకపోతే ఇంకా నిద్రలో ఉన్నట్టు, నాటినా వారాల తరబడి పైకి రాదు. మూడింట రెండు వంతులు దాటి కొన దగ్గరికి వచ్చి ఉంటే నాటడానికి సిద్ధంగా ఉన్నట్టు.

మీ ఫ్రిజ్ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఇప్పటి నుంచి అక్టోబరు దాకా ఫ్రిజ్‌లో దాచడం తప్పు. ఆ చలి వెల్లుల్లి నిద్రని కాపాడదు, చెడగొడుతుంది. నెలల తరబడి చలిలో ఉన్న రెబ్బ నాటగానే లేస్తుంది గానీ, గడ్డ తొందరపడి కట్టి సన్నగా ఉండిపోతుంది, పక్క పిలకలు వేసి గడ్డ ఆకారం చెడుతుంది. కానీ సెప్టెంబరు రెండో వారం నుంచి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం మనలాంటి వేడి ప్రాంతాలకి నిజంగా మేలు చేస్తుంది. వెల్లుల్లి రెబ్బలుగా విడాలంటే దానికి కొంత చలి తగలాలి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి కాబట్టి కొంతవరకు గడుస్తుంది. విజయవాడలో ఆ రాత్రులు కూడా 20 దగ్గరే ఉంటాయి, అక్కడివాళ్లకి ఈ ఫ్రిజ్ పని దాదాపు తప్పనిసరి. అరకు వైపు ఉన్నవాళ్లకి దీని అవసరం అంతగా రాదు. గడ్డలు విడదీయకుండా, పేపర్ కవర్లో చుట్టి, కూరగాయల అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు. తీశాక ఒకటి రెండు రోజుల్లో నాటేయండి, బయట పెట్టి మళ్లీ మర్చిపోకండి.

మీకు సగం ఒంటి రెబ్బలు రావడానికి కారణం కూడా చాలావరకు ఈ చలి చాలకపోవడమే. సన్న రెబ్బలు నాటినా, నవంబరు చివర్లో ఆలస్యంగా నాటినా అలాగే అవుతుంది. వాటిని పారేయకండి. బజారులో ఒంటి వెల్లుల్లి అని మామూలు దానికంటే ఎక్కువ ధరకి అమ్ముతారు, మీ ఇంట్లో ఊరికే వచ్చింది. అన్నిటికంటే పెద్ద ఒంటి రెబ్బల్ని విత్తనానికి ఉంచితే, వాటికి చలి అందితే, వచ్చే ఏడు చక్కగా రెబ్బలు కట్టిన గడ్డ వేస్తాయి. రెబ్బ పెద్దది, పైపొర చుట్టూ అతుకు లేకుండా ఉంటుంది కాబట్టి నిలవకి కూడా మంచిది. గోళీ సైజుకంటే చిన్నవి మాత్రం పచ్చట్లో వేసుకోవడమే.

నాటే ముందు రోజు గడ్డ విడదీయండి, అంతకంటే ముందు వద్దు. విడిపోయిన రెబ్బ తేమ కోల్పోతూనే ఉంటుంది. బయటి వరసలోని లావుపాటి రెబ్బలు విత్తనానికి, లోపలి సన్న రెబ్బలు పోపులోకి. చిటికెన వేలి గోరు అంత వెడల్పైనా లేని రెబ్బ నాటడం దండగ. పొట్టు తీయకూడదు, అడుగున బిళ్ల ఊడకూడదు. రెబ్బలకి ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగుళ్లని అదుపు చేసే మేలు శిలీంధ్రం) పొడి తడిపి పట్టించి, నీడలో అరగంట ఆరనిచ్చి, మొన పైకి ఉండేలా రెండు వేళ్ల లోతున, జానెడుకి రెండు చొప్పున నాటండి. హస్త వెళ్లి చిత్త కార్తె వచ్చాక, అంటే అక్టోబరు పదో తేదీ దాటాక మొదలుపెట్టి, స్వాతిలోపు ముగించండి. సెప్టెంబరు వానల్లో తొందరపడి నాటిన రెబ్బలు సగం మట్టిలోనే కుళ్లుతాయి.

ఇప్పుడు చిన్న ఉల్లి. ఇది వెల్లుల్లిలా ఏడాదికి ఒకే పంట కాదు. నాటిన 65 నుంచి 75 రోజుల్లో తీతకి వస్తుంది. తీశాక రెండు మూడు నెలలు నిద్రపోతుంది, ఆ తర్వాత చల్లటి గాలి, తేమ తగలగానే మొలక వేస్తుంది. తమిళనాడులో పెరంబలూరు, దిండిగల్ వైపు దీన్ని ఏడాదికి రెండు పంటలు తీస్తారు. అక్కడ రైతులు పొలం గట్టున రాళ్ల మీద ఎత్తుగా పేర్చి, పక్కలకి గాలి ఆడేలా కర్రలు కట్టి, పైన ఆకులు కప్పి పట్టరై అనే నిలవ కొట్టు కడతారు. అది కూడా తర్వాతి సీజను నాట్ల దాకానో, మంచి ధర వచ్చేదాకానో దాచడానికే గానీ ఏడాది పొడవునా కాదు.

అందుకే నా సలహా, ఫిబ్రవరిలో తీసిన చిన్న ఉల్లిని అక్టోబరు దాకా లాగాలని చూడకండి. జూన్‌లో మొదటి వానలకి కొంచెం ఉష్ణోగ్రత తగ్గగానే రెండు బ్యాగుల్లో నాటేయండి. అప్పటికి దాని నిద్ర తీరి ఉంటుంది, వెంటనే లేస్తుంది. ఆ పంట ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదటికో వస్తుంది. దాన్ని ఇంట్లో ఆరబెట్టి దాస్తే నవంబరు మొదట్లో అసలు పంటకి తాజా విత్తనం అవుతుంది. వానాకాలం పంట కాబట్టి దిగుబడి తక్కువే ఉంటుంది, ఊదా మచ్చ తెగులు వస్తుంది, తామర పురుగులూ వస్తాయి. ఫరవాలేదు, దాని పని విత్తనాన్ని సజీవంగా దాటించడమే. బ్యాగులు సన్‌షేడ్ అంచున, ధారగా వాన పడని చోట పెట్టండి. మట్టిలో మూడో వంతు ఇసుకో కోకోపీటో కలిపి నీళ్లు నిలవకుండా చూడండి. వానలో పీకాల్సి వస్తే మేడ మీద వదలకుండా వెంటనే ఇంట్లోకి తెచ్చి, ఆకులతో సహా ఫ్యాన్ కింద రెండు వారాలు ఆరనివ్వాలి.

విత్తనానికి మధ్యరకం గడ్డలే ఉంచండి. మరీ పెద్దది నాటితే ఎక్కువ చీలికలైపోయి అన్నీ సన్నగా వస్తాయి. మరీ చిన్నది నాటితే రెండో మూడో ఇచ్చి ఊరుకుంటుంది. పూకాడ ఎత్తిన మొక్క గడ్డని ఉంచకండి. గుత్తిని నాటే రోజు దాకా విడదీయొద్దు. నాటేటప్పుడు గడ్డ మొత్తం పూడ్చకుండా మెడ కాస్త బయటికి కనపడేలా పెట్టండి. తర్వాత తర్వాత దిగుబడి పడిపోయినట్టు అనిపిస్తే, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కో-5 రకం గింజతో పెంచే చిన్న ఉల్లి, దానితో మళ్లీ మొదలుపెట్టొచ్చు. గింజ ద్వారా వస్తుంది కాబట్టి పాత గడ్డల్లో పేరుకున్న తెగుళ్ల బెడద చాలావరకు తప్పుతుంది.

ఎన్ని దాచాలి అంటే, వంద వెల్లుల్లి మొక్కలకి లెక్క ఇలా వేసుకోండి. గడ్డకి పదిహేను ఇరవై రెబ్బలున్నా నాటదగ్గ బయటి రెబ్బలు ఎనిమిదో పదో ఉంటాయి. అంటే పది పన్నెండు గడ్డలు. ఎనిమిది నెలల్లో వడిలేవి, బూజు పట్టేవి మూడో వంతు పోతాయనుకుని పద్దెనిమిది దాచండి. మిగిలితే ఎలాగూ వంటకి వస్తాయి. చిన్న ఉల్లి మూడు నాలుగు నెలలే దాచాలి కాబట్టి కావలసిన దానికి పావు వంతు ఎక్కువ ఉంటే చాలు.

ఒకవేళ జూలైలోనే వెల్లుల్లి మొలకలు వేస్తే ఏం చేయాలని అడగబోతారు, అది ఎవరికైనా కొన్నింటికి జరుగుతుంది. వాటిని ఒక కుండీలో గుచ్చేయండి. గడ్డ ఆశించకండి, లేత ఆకులు ఆమ్లెట్‌లోకి, పప్పులోకి బాగుంటాయి.

మీ గడ్డలు ఎంత జాగ్రత్తగా ఏరినా మూడు నాలుగేళ్లకి ఒకసారి కొత్త విత్తనం కలపడం మంచిది. కిరాణా కొట్టు వెల్లుల్లి మధ్యప్రదేశ్, రాజస్థాన్ మైదానాల నుంచి వచ్చేది అయితే ఇక్కడ ఫరవాలేదు. రెబ్బలు చాలా లావుగా, పదో పన్నెండో మాత్రమే ఉండే కొండ వెల్లుల్లి చూసి మోజుపడకండి. వాటిలో చాలా రకాలకి ఎక్కువ చలి, పొడుగు పగళ్లు కావాలి. ఇక్కడ ఆకులు ఏపుగా పెంచి గడ్డ దగ్గర మొండిచేయి చూపిస్తాయి. అసలు రకం విత్తనమే కావాలంటే పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ వారి భీమా పర్పుల్, లేదా జాతీయ ఉద్యాన పరిశోధన, అభివృద్ధి సంస్థ వారి యమునా సఫేద్ రకాలు మన మైదానాలకి తగినవే. ఉల్లిపాయల విషయంలో ఇంకో మెలిక. మహారాష్ట్రలో లాసల్‌గావ్ లాంటి చోట్ల మొలకలు రాకుండా ఉల్లిని రేడియేషన్‌తో శుద్ధి చేస్తారు. అలాంటివి తినడానికి బాగానే ఉంటాయి, నాటితే మొలవవు. బజారులో కొన్న గడ్డలు ఎన్నాళ్లకీ లేవకపోతే మీ మట్టిని తిట్టుకోకండి.

పాత మట్టిలో వెంటనే వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసిన బ్యాగుల్లో కనీసం రెండు మూడేళ్లు ఈ జాతి మొక్కలు కాకుండా తోటకూర, గోరుచిక్కుడు, బెండ లాంటివి వేసుకోండి. మొదలుకుళ్లు వచ్చిన బ్యాగు మట్టి అయితే పూల కుండీలకి మార్చేయడమే.

ఆకులు అప్పుడప్పుడు కత్తిరించి వాడుకుంటున్నామని మీరు రాశారు. ఆకు ఎంత ఉంటే గడ్డ అంత ఊరుతుంది. విత్తనానికి అనుకున్న మొక్కల ఆకు ముట్టకండి. ఆకు కోసమని పక్కన వేరే బ్యాగులో సన్న రెబ్బలు ఒత్తుగా వేసుకుంటే ఇంట్లో గొడవ ఉండదు.